మాటేయాలా, కోరు మార్చాలా: మా అంబాసిడర్ రేడియేటర్ సంగతి

ఎండలు ఇంకా ముదరకముందే మా అంబాసిడర్‌కి దాహం పట్టుకుంది. పొద్దున్నే రేడియేటర్ మూత తీస్తే నీళ్లు వేలికి అందనంత కిందకి దిగి ఉండేవి. నింపితే మర్నాటికి మళ్లీ అదే తంతు. విచిత్రం ఏంటంటే, బండి కింద నేల మీద చుక్క తడి ఉండేది కాదు.

ఇది 1991 మోడల్ నోవా. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. నా దగ్గరికి వచ్చేసరికే చాలా చేతులు మారింది కాబట్టి, పాత యజమానులు దీనికి ఏమేం వైద్యాలు చేయించారో బానెట్ ఎత్తి ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోతే తప్ప తెలియదు. రేడియేటర్ పనిలో సగం కథ అదే అయింది.

నీళ్లు పోవడానికి దారులు మూడే. బయటికి కారాలి, ఇంజన్ లోపలికి పోవాలి, లేదా మూత దగ్గరున్న సన్న గొట్టంలోంచి పొంగి పోవాలి. రెండోదే అసలు భయం. హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్డుకీ మధ్య ఉండే సీలు, పోయిందంటే రేడియేటర్ ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు. అందుకని ముందు అదే చూశాను. బండి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు మూత తీసి, స్టార్ట్ చేసి, నీళ్లలోకి తొంగి చూస్తూ నిలబడ్డాను. గ్యాస్కెట్ పోతే సిలిండర్లో మండిన గ్యాసు నీళ్లలోకి జొరబడి బుడగలు ఆగకుండా వస్తాయి. మొదట్లో ఒకటి రెండు వచ్చాయి, తర్వాత లేవు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ నల్లగానే ఉంది, పాలు కలిసిన టీ రంగులోకి మారలేదు. సైలెన్సర్లోంచి తెల్ల పొగ లేదు. అంటే ఇంజన్ లోపలికి పోవడం లేదు.

మరి బయటికే కారుతుంటే తడి ఏది? రాత్రిపూట బండి నడిపి తెచ్చి, వేడి మీదే టార్చిలైటు వేసి చూస్తే దొరికింది. రేడియేటర్ పై ట్యాంకు, దాని కింద సన్న ట్యూబులు, రేకులు అల్లి ఉండే కోరు కలిసే అంచున, కుడి భుజం దగ్గర సన్నగా ఆవిరి చిమ్ముతోంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందు మూసుకుపోతుంది. వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటుంది. వచ్చిన నీరు వేడి రేకు మీదే ఆవిరైపోతుంది, నేలకి చేరేది ఏముంటుంది? ఆరిన చోట మాత్రం తెల్లగా, కొంచెం ఆకుపచ్చగా పొరలాంటిది కట్టి ఉంది. ఇత్తడి రేడియేటర్ ఉన్నవాళ్లు తడి కోసం కాదు, ఈ పొర కోసం వెతకాలి. తడి ఆరిపోయినా పొర ఉంటుంది.

మా తెనాలి మెకానిక్ వచ్చి చూశాడు. ఆ అంచు మీద ఎవరో ఎప్పుడో ఎపాక్సీ ముద్ద రుద్ది, పైన నల్ల రంగు కొట్టారు. గోటితో గీరితే ఊడొచ్చింది.

"మళ్లీ ఇదే పెడదాం అన్నా, ఈ వేసవి లాగించేస్తుంది" అన్నాడు.

"అదే లాగిస్తే ఇప్పుడు నిన్నెందుకు పిలుస్తానయ్యా?" అన్నాను.

నవ్వి, "అయితే బెజవాడ ఆటోనగర్ పోవాల్సిందే. ఇక్కడ మాటేసేవాళ్లున్నారు గానీ ట్యాంకు విప్పి చూసే ఓపిక ఎవరికీ లేదు" అన్నాడు. ఉన్న మాట చెప్పాడు.

రెండు పెద్ద క్యాన్లలో నీళ్లు పెట్టుకుని బయల్దేరాను. దుగ్గిరాల వచ్చేసరికే డాష్‌బోర్డు కింద విడిగా బిగించిన టెంపరేచర్ మీటర్లో ముల్లు ఎర్ర గీత వైపు పాకింది. చెట్టు నీడ చూసి ఆపి, బానెట్ ఎత్తి, దూరంగా నిలబడ్డాను. ఆ స్థితిలో మూత జోలికి పోకూడదు. ఒత్తిడి మీదున్న నీళ్లు మూత కదలగానే ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయి. పై గొట్టాన్ని చేత్తో నొక్కగలిగేంత చల్లారాక, దళసరి తడిగుడ్డ వేసి, సగం తిప్పి, బుస్సుమన్న చప్పుడు పూర్తిగా ఆగాక అప్పుడు మూత తీయాలి. నీళ్లు కూడా గబగబా పోయకూడదు. కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. ఇంజన్ నడుస్తుండగా కొంచెం కొంచెంగా పోయాలి.

అలా నిలబడి ఉంటే వెనక లారీ ఒకటి ఆగింది. డ్రైవర్ దిగి వచ్చి చూసి, "పసుపు వేయండి సార్, ఆగిపోద్ది. దుగ్గిరాల్లో పసుపుకి కరువా!" అన్నాడు. రాష్ట్రంలో పేరున్న పసుపు యార్డు ఉన్న ఊళ్లో ఆ సలహా రాకపోతేనే ఆశ్చర్యం. హేళన చేయాల్సిన సలహా కూడా కాదది. దూరాలు తిరిగే డ్రైవర్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే. పొడి నీళ్లలో నాని ఉబ్బి, సన్న రంధ్రం దగ్గరికి కొట్టుకొచ్చి అడ్డుపడుతుంది. అర్ధరాత్రి అడవి దారిలో చిక్కుకున్నవాడికి అది దేవుడిచ్చిన మందే. చిక్కల్లా ఏంటంటే, పసుపుకి చిల్లు ఏదో, ట్యూబు ఏదో తెలియదు. సందు కనిపించిన ప్రతిచోటా కూర్చుంటుంది. కొట్లో దొరికే లీక్ స్టాప్ పొడులకీ, ద్రావకాలకీ కూడా చాలావరకు ఇదే గుణం. దండం పెట్టి వద్దన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు.

విజయవాడ ఆటోనగర్ తెలియని లారీ మనిషి మన దగ్గర ఉండడు. బాడీ బిల్డింగులు, లేతు షెడ్లు, కమ్మీలు, టింకరింగు, ఒక్కో పనికి ఒక్కో వీధి. రేడియేటర్ల వాళ్ల షెడ్డు దూరం నుంచే పోల్చుకోవచ్చు: ముందు సిమెంటు నీళ్ల తొట్టి, పక్కన గ్యాసు సిలిండరు, గోడకి ఆనించిన లారీ రేడియేటర్లు. పెద్ద మేస్త్రీ గారిది ఆ పనిలోనే నెరిసిన తల. నేను కారుతున్న చోటు చూపించబోతే చేత్తో ఆగమని సైగ చేసి, ముందు మూత తీసి కళ్లద్దాల దగ్గరగా పెట్టుకు చూశారు.

"ఇదెవరు పెట్టారు బాబూ దీనికి?"

మూత మీద 0.9 అని ఉంది. ఇప్పటి కార్ల మూత అది. చదరపు సెంటీమీటరుకి 0.9 కిలో, పాత లెక్కలో చదరపు అంగుళానికి సుమారు 13 పౌండ్లు. ఈ రేడియేటర్‌కి 7 పౌండ్లది చాలని ఆయన మాట. మూత అంటే దుమ్ము పడకుండా పెట్టే బిళ్ల అనుకుంటాం గానీ అది స్ప్రింగు ఉన్న వాల్వు. లోపలి ఒత్తిడి దాని అంకె దాటితేనే ఎత్తుకుని వదులుతుంది. ఒత్తిడి ఒక్కో పౌండు పెరిగే కొద్దీ నీళ్లు మరిగే వేడి దాదాపు ఒకటిన్నర డిగ్రీ పైకి పోతుంది. 7 పౌండ్ల మూత ఉంటే నీళ్లు 100 దగ్గర కాక సుమారు 111 డిగ్రీల దగ్గర మరుగుతాయి. 13 పౌండ్లదైతే ఇంకా పైన. వినడానికి మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒత్తిడంతా మోయాల్సింది ముప్పై ఏళ్ల నాటి మాటు అంచులు. బండి పొంగుతోందని ఎవరో గట్టి మూత బిగించారు. పొంగడం తగ్గింది, అంచు విడింది. విడిన అంచుకి ఎపాక్సీ పూశారు. అసలు ఎందుకు పొంగుతోందన్నది మాత్రం ఎవరూ చూడలేదు.

"మాటేసి పంపిస్తే సాయంత్రానికి ఇంటికెళ్లిపోతారు. కానీ మళ్లీ నా దగ్గరికే వస్తారు. విప్పి చూద్దామా?" అన్నారు మేస్త్రీ గారు. విప్పమన్నాను.

రేడియేటర్ బండిలోంచి తీయడం పెద్ద పనేం కాదు. కింద ట్యాపు తిప్పి నీళ్లు వదిలి, పైన ఒకటి, కింద ఒకటి గొట్టాలు ఊడదీసి, బోల్టులు విప్పి పైకి లాగేశారు. ఫ్యాను రెక్కలకి కోరు గీసుకోకుండా మధ్యలో అట్టముక్క పెట్టారు, అంతే. పని ఆ తర్వాతే మొదలైంది. గొట్టాలు తగిలించే నోళ్లకి రబ్బరు బిరడాలు కొట్టి, సన్న గొట్టంలోంచి గాలి ఎక్కించి తొట్టిలో ముంచారు. కుడి భుజం దగ్గర బుడగలు బారుగా వచ్చాయి, అది తెలిసిందే. కోరు మధ్యలో, ఫ్యాను వైపు, మరో రెండు చోట్ల సన్నగా బుడగలు. అవి నా టార్చిలైటుకి దొరకనివి.

తర్వాత టార్చి మంట పెట్టి పై ట్యాంకు అంచు చుట్టూ తిప్పారు. తగరం, సీసం కలిసిన మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలెడుతుంది. ఇత్తడికి, రాగికి ఆ వేడి ఒక లెక్క కాదు. అందుకే ఈ పాత రేడియేటర్లని ఎన్నిసార్లయినా విప్పి మళ్లీ అతకొచ్చు. ఇప్పటి కార్లకి వచ్చే అల్యూమినియం కోరు, ప్లాస్టిక్ ట్యాంకు రేడియేటర్లలో ఆ వీలు లేదు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే ఏది పూసినా నాలుగు రోజుల ముచ్చటే, మొత్తం మార్చాల్సిందే. ఆ బండ్లున్నవాళ్లు మాటు సంగతి మర్చిపోయి నేరుగా కొత్తది వేయించుకోవడం నయం.

ట్యాంకు ఊడివచ్చింది. లోపల చూస్తే, ట్యూబుల నోళ్ల మీద గోధుమ రంగు గార, దాని మధ్య మధ్యన పచ్చటి ముద్ద. మేస్త్రీ గారు వేలితో తీసి వాసన చూసి నాకు చూపించారు. పసుపు. నేను దుగ్గిరాలలో దండం పెట్టి వద్దన్నది, నాకంటే ముందే ఎవరో శుభ్రంగా వేసేశారన్నమాట! గార మాత్రం మన బోరు నీళ్ల పుణ్యం. డెల్టాలో చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పు కలిసిందే. అది మరిగి మరిగి ఇగిరిన కొద్దీ సున్నం, ఉప్పు ట్యూబుల్లో పొర కడతాయి. ఒక ట్యూబు మూసుకుపోతే దాని పని పక్క ట్యూబుల మీద పడుతుంది. బండి పొంగడానికి కారణం అదీ. గట్టి మూతతో దాన్ని కప్పిపెట్టారు, అంతే.

ఇక్కడ మూడు దారులు. మొదటిది, పలచటి ఉక్కు పట్టీని ట్యూబు ట్యూబుకీ దూర్చి గార దులిపి, చిల్లులకి మాటేసి, ట్యాంకు మళ్లీ అతికించడం. దీన్ని రాడింగ్ అంటారు. ఖర్చు వందల్లో పోతుంది. రెండోది, పాత ట్యాంకులు ఉంచి మధ్యలో కోరు మాత్రం కొత్తది వేయడం. మూడోది, మొత్తం రెడీమేడ్ రేడియేటర్ కొని బిగించడం.

రాడింగ్ చేద్దామని ఒక కుర్రాడు పట్టీ దూర్చి చూశాడు. కొన్నిటిలో సాఫీగా దిగింది, కొన్నిటిలో సగానికి ఆగింది. బలవంతం చేస్తే ట్యూబు గోడ చిరుగుతుందని మేస్త్రీ గారే ఆపించారు. పైగా కోరు మధ్యలో వచ్చిన చిల్లులు లోపలి వరసవి. అక్కడికి మాటు పోవాలంటే ముందున్న రాగి రేకుల్ని చీల్చుకుంటూ వెళ్లాలి. అంచులో చిల్లు ఉండి ట్యూబులు బాగుంటే కళ్లు మూసుకుని మాటేయించుకోవచ్చు. ట్యూబులే తినేసిపోయి ఉంటే మాటుకి పెట్టే ప్రతి రూపాయీ దండగ. దీన్ని ముందే ఇంట్లో చూసుకునే ఉపాయం ఒకటి ఆయన చెప్పారు: బండి కాసేపు నడిచాక ఇంజన్ ఆపి, ఫ్యాను జోలికి పోకుండా, కోరు మీద అక్కడక్కడా చెయ్యి దగ్గరగా పెట్టి చూడాలి. పైనుంచి కిందకి వేడి క్రమంగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక పట్టీ మేర చల్లగా తగిలితే అక్కడ ట్యూబులు మూసుకుపోయినట్టే.

రెడీమేడ్ అల్యూమినియం రేడియేటర్ కూడా పక్క కొట్లో చూపించారు. తేలిగ్గా, తళతళలాడుతూ బాగానే ఉంది. కానీ బోల్టు రంధ్రాలు సరిపోక పట్టీలు అతకాలన్నారు, గొట్టం నోరు వంపు కొంచెం తేడా. నా మనసు ఒప్పలేదు. పాత ట్యాంకుల ఇత్తడి ఇప్పుడొచ్చే రేకు కంటే దళసరిది. దాన్ని తుక్కుకి వేయడం అన్యాయం అనిపించింది. కోరు మార్చమన్నాను.

కోరు ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు అడగాలి. ట్యూబులు ఎన్ని వరసలు, రేకులు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయి. వరసలు పాతదానికి తగ్గకూడదు. రేకులు మరీ చిక్కగా ఉంటే చూడ్డానికి ఘనంగా ఉంటుంది గానీ, వరి కోతలప్పుడు మా రోడ్ల మీద తిరిగితే నూగు, దుమ్ము పట్టేసి గాలి ఆడదు. మధ్యరకం తీసుకున్నాను. మూడో సంగతి కూడా ఉంది, ఎవరూ చెప్పరు: పాత కోరు రాగి. దానికి తుక్కు ధర ఉంటుంది. మనం అడక్కపోతే అది షెడ్డులోనే ఉండిపోతుంది. మేస్త్రీ గారు అడక్కుండానే తూకం వేయించి బిల్లులో తగ్గించారు. అది పోను, కోరు, పని కలిపి ఆరు వేల చిల్లర అయింది.

బండి అక్కడే వదిలేసి రైల్లో తెనాలి వచ్చేశాను. జేబులో ఒక కొత్త థర్మోస్టాట్ ఉంది. దాని వెనక చిన్న వాదన జరిగింది. రేడియేటర్ తీసినప్పుడే ఇంజన్ మీది థర్మోస్టాట్ గూడు కూడా విప్పించాను. లోపల ఖాళీ! మన మెకానిక్‌లకి ఇదొక అలవాటు, బండి వేడెక్కితే చాలు ముందు వాల్వు పీకి పారేస్తారు. "మన ఎండలకి అదెందుకు సార్?" అని పక్క షెడ్డు మెకానిక్ కూడా అన్నాడు. ఎండకీ దానికీ సంబంధం లేదు. ఇంజన్ తగిన వేడికి వచ్చేదాకా నీళ్లని రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపడం దాని పని. అది లేకపోతే డిసెంబరు పొద్దున బండి ఎంతకీ వేడెక్కదు, చోక్ లాగి నడుపుతూ పోతే పెట్రోలు తగలబడుతుంది, ఆయిల్ చిక్కగానే తిరుగుతూ లోపలి భాగాల్ని అరగదీస్తుంది. ఇరుక్కుపోయిన వాల్వు ప్రమాదమే, ఒప్పుకుంటాను. దానికి మందు మంచి వాల్వు వేయడం, అసలు లేకుండా చేయడం కాదు.

కొత్తదాన్నయినా పరీక్ష చేయకుండా వేయకూడదు. ఇంట్లో పాత గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి థర్మోస్టాట్ వేలాడదీసి, మా అమ్మాయి ల్యాబ్ థర్మామీటరు పెట్టి స్టవ్వు మీద కాచాను. 82 డిగ్రీలదని దాని మీద ఉంది. 80 దాటాక పెదవి విప్పినట్టు కదిలింది, 95 దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంది. స్టవ్వు కట్టేస్తే మెల్లగా మూసుకుంది. మా ఆవిడ ఆ గిన్నెని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు, అది వేరే సంగతి.

మళ్లీ వెళ్లేసరికి రేడియేటర్ సిద్ధంగా ఉంది. ట్యాంకులు యాసిడ్‌తో కడిగి, ఎపాక్సీ మరక లేకుండా గీకి, తగరం పూత పూసి అతికించారు. జిడ్డో, ఎపాక్సీయో పిసరంత మిగిలినా మాటు అక్కడ పట్టదు. నా ఎదురుగానే మళ్లీ తొట్టిలో ముంచి గాలి ఎక్కించారు. ఒక్క బుడగ లేదు. నల్ల రంగు పలచగా కొట్టారు, దళసరిగా కొడితే వేడి బయటికి పోదని.

బిగించేముందు ఇంజన్ బ్లాకు కడిగించాలని పట్టుబట్టాను. ఇది చాలామంది వదిలేస్తారు. బ్లాకు లోపల ఏళ్ల తరబడి పేరుకున్న తుప్పు అలాగే ఉంచి కొత్త కోరు తగిలిస్తే, అదంతా వచ్చి ఆ కోరులోనే కూర్చుంటుంది. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ట్యాపు విప్పితే చుక్క రాలేదు. కమ్మీ పెట్టి పొడిస్తే తుప్పు ముద్ద ఊడి, ఇటుక రంగు నీళ్లు వచ్చాయి. థర్మోస్టాట్ గూట్లోంచి పైపు పెట్టి, నీళ్లు తెల్లగా వచ్చేదాకా వదిలాం. గొట్టాలు రెండూ, క్లిప్పులు, ఫ్యాను బెల్టు కూడా మార్పించాను. కింది గొట్టం వేళ్లతో నొక్కితే పగుళ్లు తేలుతున్నాయి, దాన్ని ఉంచి లాభం లేదు. కొత్త కూలింగ్ వచ్చిందని పాత గొట్టం ఆగదు కదా.

7 పౌండ్ల మూత కోసం మాత్రం చాలా కొట్లు ఎక్కి దిగాల్సి వచ్చింది. అందరి దగ్గరా 0.9 మూతలే. చివరికి పాత సామాన్లమ్మే చోట కొత్తదే ఒకటి, ప్యాకింగు చివికిపోయి దొరికింది. దాని రబ్బరు వాషరు గట్టిపడలేదని చూసుకుని తీసుకున్నాను.

కూలెంట్ విషయంలోనూ "మనకి మంచు పడదు కదా, నీళ్లు చాలు" అనేవాళ్లు కనపడ్డారు. మంచు సంగతి అటుంచితే, కూలెంట్‌లో ఉండే మందులు తుప్పు పట్టకుండా ఆపుతాయి. సగం సగం కలిపితే మామూలు గాలి ఒత్తిడిలోనే 107 డిగ్రీల దాకా మరగదు. నాకు ఆ గోధుమ రంగు గార చూశాక ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చి సగం సగం కలిపాను. ఒక జాగ్రత్త: కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు నాకి చచ్చిపోతాయి. ఒలికింది నీళ్లు కొట్టి బాగా కడగాలి, పాత కూలెంట్‌ని తెరిచిన బొచ్చెలో వదిలేయకూడదు.

నింపడంలో తొందర పనికిరాదు. గాలి లోపల ఇరుక్కుంటే ముల్లు అబద్ధం చెబుతుంది, ఇంజన్ మాత్రం నిజంగానే కాలుతుంది. మూత తీసి ఉంచి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిల్ మీద వదిలేశాం. చాలాసేపు పై గొట్టం చల్లగానే ఉంది, థర్మోస్టాట్ మూసి ఉందన్నమాట. తర్వాత ఉన్నట్టుండి గొట్టం వేడెక్కింది, గుటుక్కుమని నీటి మట్టం దిగిపోయింది. మళ్లీ పోశాం. బుడగలు తగ్గి మట్టం నిలిచాక మూత పెట్టాం. మెడ దాకా నింపకుండా ఓ అంగుళం వదిలాం. ఈ బండికి పొంగిన నీళ్లు దాచుకునే డబ్బా లేదు, ఎక్కువైతే నేల పాలే.

తిరుగు ప్రయాణం కావాలనే మధ్యాహ్నం పెట్టుకున్నాను. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్కులో నిలబడ్డప్పుడు ముల్లు కాస్త ఎక్కింది. వారధి మీద కృష్ణ గాలి తగలగానే మళ్లీ దిగింది. దుగ్గిరాల దాటాను, తెనాలి వచ్చింది, ముల్లు సగం దాటి పైకి పోలేదు. నాలుగు రోజులు తిరిగాక కొత్త గొట్టాలు క్లిప్పుల కింద సర్దుకుని కొంచెం చెమ్మగిల్లాయి, స్క్రూడ్రైవర్ పెట్టి మరో చుట్టు బిగిస్తే ఆగింది. కొత్త రబ్బరుకి అది మామూలే.

ఇప్పుడు మూత తీసి చూస్తే మట్టం వదిలిన చోటే ఉంటోంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం దగ్గర మాత్రం అప్పుడప్పుడూ తడి కనిపిస్తోంది. అది లోపలి సీలు అరిగిందని చెప్పే రంధ్రం. మా తెనాలి మెకానిక్‌కి చూపిస్తే, బేరింగు ఇంకా ఊగడం లేదు కాబట్టి సీలు కిట్టు తెప్పించి ఆదివారం వేసేద్దామన్నాడు. కిట్టుకి డబ్బులిచ్చాను.